సాధారణ కాన్పు చేస్తే సిబ్బందికి డబ్బులివ్వడం సరైనదేనా?

సిద్దిపేట వాసి:
2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూస్తే గుండె జారిపోయింది. తెలంగాణలో నూటికి 60.7 కాన్పులు ఆపరేషన్లే. ప్రైవేటులో 81.5, సర్కారు దవాఖానాల్లో 44.5. దేశం మొత్తం మీద 21.5 మాత్రమే. దీన్ని తగ్గించాలని 2022లో మన ప్రభుత్వం సర్కారు దవాఖానాల్లో సాధారణ కాన్పుకు 3,000 రూపాయల ప్రోత్సాహకం ప్రకటించింది. కాన్పు చేసిన బృందమంతా పంచుకోవాలి. నాకు ఇది న్యాయంగానే తోచింది. కోస్తే డబ్బులొచ్చే లోకంలో, కోయకుండా ఓపిక పట్టినవాళ్లకు ఎందుకివ్వకూడదు? మీరేమంటారు?

లేబర్ రూమ్ నర్సు:
ఇవ్వాల్సిందే. పద్నాలుగేళ్లుగా ఈ పనిలో ఉన్నాను. ఆపరేషన్ గంటలోపు అయిపోతుంది. తొలిచూలు పిల్లకు నొప్పులు మొదలైతే రాత్రంతా పక్కనే ఉండాలి. నడిపించాలి, నడుము రుద్దాలి, అరగంటకోసారి బిడ్డ గుండె చప్పుడు వినాలి, బయట నిలబడ్డ అత్తగారికి, భర్తకు ధైర్యం చెప్పాలి. "ఇంకెంతసేపు సిస్టర్, కోసేయమనండి" అని ఒత్తిడి చేసేది చాలాసార్లు ఇంటివాళ్లే. ముహూర్తం రాయించుకుని కాగితం పట్టుకొచ్చేవాళ్లూ ఉన్నారు. ఇంత ఓపికకూ ఇన్నాళ్లూ ఏ లెక్కలోనూ విలువ లేదు. మొదటిసారి ఎవరో గుర్తించారు. దాన్ని తప్పంటే నాకు బాధేస్తుంది.

జగిత్యాల అన్న:
సిస్టర్, మీ కష్టాన్ని కాదనను. మా చెల్లెలి విషయం చెప్తా. ఊరి పేరు, దవాఖానా పేరు వద్దు. పొద్దున ఉమ్మనీరు పోయింది. "చూద్దాం, అయిపోతుంది" అంటూ రాత్రి దాకా ఆపారు. చివరికి ఆపరేషనే చేశారు. బాబు పుట్టగానే ఏడవలేదు. ఇప్పుడు నాలుగేళ్లు, ఇంకా నిలబడలేడు. ఆ రోజు అక్కడ ఏ ప్రోత్సాహకమూ లేదు, ఆలస్యానికి కారణం డబ్బు అని నేను అనట్లేదు. కానీ అలాంటి గడియలో "ఇంకాస్త ఆగుదాం" అనేదానికి జీతంపైన ఒక మొత్తం కట్టి పెడితే? ఆ ఆలోచనే నాకు నిద్ర పట్టనివ్వదు.

బ్రిటన్‌లో తెలుగు డాక్టరు:
అన్న భయం ఊహ కాదు. ఇక్కడ ష్రూస్‌బరీ, టెల్ఫర్డ్ ఆసుపత్రుల ప్రసూతి విభాగంపై ఓకెండన్ విచారణ నివేదిక 2022 మార్చిలో వచ్చింది. సరైన వైద్యం అంది ఉంటే 201 మంది పిల్లలు బతికి ఉండేవారేమో అని తేల్చింది. సిజేరియన్లు తక్కువని ఏళ్ల తరబడి మెప్పు పొందిన చోటు అది. అక్కడ డబ్బు కూడా కాదు, ఉత్త మెప్పే. ఆ నివేదికకు నెల ముందే ఇంగ్లండ్ ఆరోగ్య సేవా సంస్థ, సిజేరియన్ల శాతాన్ని బట్టి ఆసుపత్రుల పనితీరు కొలవడం మానేయమని లేఖ రాసింది. వాళ్లు వదిలేసిన కొలతను అదే ఏడాది మనం డబ్బుతో ముడిపెట్టాం.

డబ్బు పనిచేయదని కాదు, అనుకున్నదానికన్నా బలంగా పనిచేస్తుంది. 2004లో ఇక్కడి కుటుంబ వైద్యులకు 1,050 పాయింట్ల పథకం పెట్టారు. బీపీ, మధుమేహం వంటివి సరిగ్గా చూస్తే పాయింట్లు, పాయింట్లకు డబ్బు. నూటికి 75 వస్తాయని సర్కారు అంచనా, మొదటి ఏడాదే 91 వచ్చాయి. కానీ ఆస్తమా, గుండెజబ్బు రోగులకు చేయాల్సిన వాటిలో డబ్బు కట్టని పనులు తర్వాత వెనకబడ్డాయి. రోగి ఎప్పుడూ చూసే డాక్టరునే చూడగలగడం కూడా తగ్గింది. స్కాట్లాండ్ 2016లో ఆ పథకాన్ని ఎత్తేసింది.

సిద్దిపేట వాసి:
డాక్టర్ గారూ, మరి ఈ 60 శాతాన్ని ఇలాగే వదిలేయాలా? ప్రైవేటులో 81కి ఎవరు జవాబుదారీ?

బ్రిటన్‌లో తెలుగు డాక్టరు:
వదలకూడదు. ఆ 81 మీద ఈ 3,000 పైసా ప్రభావం చూపదు, అది సర్కారు సిబ్బందికి కదా. నేనైతే రాబ్సన్ వర్గీకరణను ప్రైవేటుకూ తప్పనిసరి చేస్తాను. తల్లులను పది గుంపులు చేసి ఏ గుంపులో ఎన్ని ఆపరేషన్లో చూస్తారు. తొలిచూలు, నెలలు నిండాయి, బిడ్డ తల కిందికే ఉంది, నొప్పులు వాటంతటవే వచ్చాయి: ఈ గుంపులో కోతలు పెరిగితే అడగాల్సిందే. పాత కుట్టు ఉన్న తల్లినీ, ఎదురుకాళ్ల బిడ్డనూ అదే లెక్కలో కలిపితే నర్సుకూ అన్యాయమే, తల్లికీ ప్రమాదమే.

లేబర్ రూమ్ నర్సు:
అన్నా, మీ చెల్లెలి సంగతి చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. నా మాట కొంత మార్చుకుంటున్నా. డబ్బు కాన్పు ఎలా అయిందన్నదానికి వద్దు. గుండె చప్పుడు వేళకు విని రాశామా, నొప్పుల చార్టు నింపామా, అవసరమైనప్పుడు ఆలస్యం లేకుండా ఆపరేషన్‌కు పంపామా, వీటికివ్వండి. 2017లో కరీంనగర్‌లో నర్సులకు మిడ్‌వైఫ్ (సాధారణ కాన్పు దగ్గరుండి చేయించే నర్సు) శిక్షణ మొదలుపెట్టారు, అలాంటివాళ్లను ప్రతి లేబర్ రూమ్‌కూ ఇవ్వండి. మా దగ్గర నిన్న రాత్రి ముగ్గురు నొప్పులతో ఉంటే డ్యూటీలో ఉన్నది నేనొక్కదాన్నే.