బ్రెవేలో ఒకరు వెనకబడితే టీమ్ ఆగాలా, ఎవరి దారి వాళ్ళదేనా?

లంక కుర్రోడు

మా వాట్సాప్ గ్రూపులో వారం నుంచి ఇదే గొడవ. అక్కడ తేలేలా లేదు కాబట్టి ఇక్కడ పెడుతున్నా. తెలియనివాళ్ళ కోసం ముందు రెండు ముక్కలు: బ్రెవే రేసు కాదండి, ఇచ్చిన గడువులోగా సైకిల్ మీద దూరం పూర్తి చేయడం. 200 కిలోమీటర్లకి 13 గంటల 30 నిమిషాలు, 300కి 20 గంటలు, 400కి 27, 600కి 40. దారిలో కంట్రోల్ పాయింట్ల దగ్గర కార్డు మీద ముద్ర పడాలి, అంతే. ఫస్టులు సెకండ్లు లేవు.

మేం అయిదుగురం 300కి వెళ్ళాం. రాజమండ్రి, రావులపాలెం, తణుకు, భీమవరం, పాలకొల్లు, అక్కణ్ణుంచి చించినాడ వంతెన దాటి రాజోలు, అమలాపురం, యానాం, కాకినాడ, మళ్ళీ రాజమండ్రి. ఏళ్ళ తరబడి ఆదివారాలు కలిసి తొక్కుతున్నవాళ్ళం, అందరిదీ ఒకే రంగు జెర్సీ. చించినాడ దాటాక గాలి అందుకుంది. అమలాపురం వచ్చేసరికి మాలో ఒకాయన బాగా వెనకబడ్డారు. మిగతా నలుగురం ఆగలేదు, గడువుకి చాలా ముందే చేరిపోయాం. ఆయన కాకినాడ రాకుండానే విరమించుకున్నారు. ఇప్పుడు "టీమ్ అని చెప్పుకుని వదిలేసి పోతారా" అని సగం మంది, "ఎవడి కార్డు వాడిది" అని సగం మంది. మీరేమంటారు?

ఒంటెద్దు

ఇందులో చర్చ ఏముందో నాకు అర్థం కాలేదండి. కార్డు మీద ఒక్కడి పేరే ఉంటుంది, టీమ్ పేరు ఉండదు. అసలు కథ తెలుసా? టూర్ డి ఫ్రాన్స్ మొదలుపెట్టిన హెన్రీ డెగ్రాంజే 1904లో ఫ్రాన్స్‌లో ఈ ఆడాక్స్ సైకిల్ రైడ్లూ మొదలుపెట్టాడు. అందులో కెప్టెన్ ముందు, అందరూ ఆయన వెనకే, అందరికీ ఒకటే వేగం, ఎవరూ కెప్టెన్ని దాటకూడదు. 1921లో ఆయనకీ ఆడాక్స్ క్లబ్ పారిసియన్‌కీ చెడింది. ఆ క్లబ్బు వాళ్ళు విడిపోయి, ఎవరికి నచ్చిన వేగంతో వాళ్ళు తొక్కే బ్రెవేలు సొంతంగా పెట్టుకున్నారు. మనం ఇవాళ తొక్కుతున్నది ఆ రెండో రకం. అంటే మీ గ్రూపులో జరుగుతున్న గొడవ వందేళ్ళ కిందటే తేలిపోయింది, మీకు కబురు అందలేదంతే.

ఇంకో మాట. ఆగడం కూడా ఊరికే రాదు. ఎండలో నూట యాభై తొక్కి పావుగంట నిలబడితే కాళ్ళు బిగుసుకుపోతాయి, మళ్ళీ లయ అందుకోవడానికి ఎంత సేపు పడుతుందో తొక్కినవాడికి తెలుసు. అలా నాలుగుచోట్ల ఆగితే ఒకడు కాదు, అయిదుగురూ గడువు దాటిపోతారు. అప్పుడెవరికి లాభం?

ఫిజిక్స్ మేష్టారు

చరిత్ర బాగుంది ఒంటెద్దు గారూ, కానీ గాలి సంగతి వదిలేశారు.

అరకు ఘాట్‌లో ఒకణ్ణి వదిలేసి పోవడం వేరు, కోనసీమలో వదిలేయడం వేరు. ఘాట్ ఎక్కేటప్పుడు వేగం తక్కువ, పోరాటమంతా బరువుతోనే, ముందువాడి చక్రం పట్టుకున్నా, అంటే గాలి తగలకుండా అతని వెనకే దగ్గరగా తొక్కినా, పెద్దగా కలిసొచ్చేది లేదు. మన డెల్టాలో కొండలు లేవు, ఎదురుగాలే మన కొండ. లెక్క చూడండి: మీరు గంటకి 25 కిలోమీటర్ల వేగంతో వెళ్తున్నారు, ఎదురుగా 15 గాలి ఉంది, అంటే గాలి మిమ్మల్ని 40లో కొడుతుంది. గాలి తోపు వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి గాలి లేనప్పటికంటే రెండున్నర రెట్లు. ఆ పరిస్థితిలో దగ్గరగా వెనక చక్రం పట్టుకున్నవాడికి కనీసం పావు వంతు శ్రమ తగ్గుతుంది. కాస్త అలిసినవాణ్ణి ఆ గాలి నీడలోంచి బయటికి తోసేస్తే వాడు నెమ్మదించడు, కూలబడతాడు.

మధ్యాహ్నానికి నేల వేడెక్కి సముద్రం మీంచి గాలి లోపలికి కొడుతుంది. చించినాడ నుంచి అమలాపురం వైపు తూర్పుకి వెళ్ళేవాడికి అది కుడిపక్క నుంచి తగులుతుంది. పక్కగాలిలో నీడ కావాలంటే ముందువాడు గాలి వైపు ఉండాలి, మిగతావాళ్ళు అతనికి ఎడమగా, ఏటవాలుగా వరస కట్టాలి. గాలి కుడి నుంచి వస్తే ముందువాడు ఎక్కడుండాలి? రోడ్డు నడిమధ్యన. 216 హైవే మీద కొబ్బరికాయల లారీలు, రొయ్యల వ్యాన్ల మధ్య అది కుదిరే పనేనా? అందరూ ఎడమ అంచున ఒకే వరసలో పోతారు, ఆ వరసలో ఆఖరివాడికి నీడే దొరకదు. అంచేత అక్కడ వెనకబడ్డవాడు బలహీనుడని నేను ఒప్పుకోను, వాడికి దొరికిన చోటు అలాంటిది.

అసలు ప్రశ్న ఇంకోటుంది. పొద్దున రావులపాలెం నుంచి భీమవరం దాకా ముందుండి గాలి కాస్తూ ఎవరు లాగారు?

లంక కుర్రోడు

మేష్టారూ, అడిగారు కాబట్టి చెప్తున్నా. ఎక్కువసేపు ఆయనే లాగారు.

ఫిజిక్స్ మేష్టారు

మరి ఇంకేం.

ఒంటెద్దు

ఎవరు లాగమన్నారండి ఆయన్ని? మన దగ్గర ఇదొక జబ్బు. పొద్దున చల్లగా ఉన్నప్పుడు హుషారెక్కి ముందుకెళ్ళి లాగేయడం, మధ్యాహ్నం చతికిలబడి "నా మీద జాలి లేదా" అనడం. దూరపు రైడ్లో మొదటి వంద కిలోమీటర్లు అణిచిపెట్టుకుని తొక్కడం రానివాడికి టీమ్ ఏం చేస్తుంది?

కోటిపల్లి రేవు

అన్నయ్యలూ, మీరంతా గడువు గురించే మాట్లాడుతున్నారు. నాకు గడువు తర్వాతి సంగతి. నేనూ ఇంకో అమ్మాయీ తెల్లవారుజామున నాలుగున్నరకి కాలవగట్టు మీద తొక్కుతాం. మాలో ఒకరు ముందుకెళ్ళిపోతే రెండోవాళ్ళకి రైడ్ పాడవ్వడం కాదు, ఇంట్లో రేపట్నుంచి వద్దంటారు. కుక్కలు తరిమినా, తాగినవాడు బండి పక్కన పెట్టి పలకరించినా, ఇద్దరుంటే ఒక తీరు, ఒక్కరుంటే ఇంకో తీరు. మా ఇద్దరికీ వేగంలో చాలా తేడా ఉంది, అయినా ఈ ప్రశ్న మా మధ్య ఎప్పుడూ రాలేదు.

మీకూ రాత్రి వర్తిస్తుంది కదా. 300 అంటే మనలాంటివాళ్ళకి చీకటి పడక మానదు. దాళ్వా కోతలప్పుడు సగం రోడ్డు మీద ధాన్యం ఆరబోసి, చీకటి పడ్డాక బరకం కప్పి, అంచులు ఎగరకుండా రాళ్ళు పెడతారు. ఆ బరకం నల్లగా ఉంటే మన లైటుకి దగ్గరికొచ్చేదాకా రాయి కనపడదు. అయిదుగురిలో ముందువాడు "రాయి" అని అరిస్తే నలుగురు తప్పుకుంటారు. అలిసిపోయి ఒంటరిగా వచ్చేవాడికి ఎవరు అరుస్తారు?

ట్రై కాకినాడ

నాది ట్రయాథ్లాన్, కాబట్టి కొంచెం వేరే కోణం. గోవా ఐరన్‌మ్యాన్ 70.3 లాంటి పోటీల్లో 1.9 కిలోమీటర్లు ఈత, 90 సైకిల్, 21.1 పరుగు. అందులో ముందువాడి వెనక చక్రం పట్టుకుంటే పెనాల్టీ. అంటే పోటీ రోజున టీమ్ అనేది రూలు ప్రకారమే లేదు. అయినా మా టీమే నాకు అన్నిటికంటే ముఖ్యం, ఎందుకంటే అది మిగతా రోజులన్నిటికీ ఉంది. పొద్దున్నే ఫోన్ చేసి లేపేవాళ్ళు, ఈత తప్పుగా కొడుతుంటే గట్టు మీంచి చూసి చెప్పేవాళ్ళు. పోటీలో వదిలేస్తే స్నేహం పోయినట్టు కాదు. ఆ రెంటినీ కలపడం వల్లే ఈ గొడవ.

జట్టు బలం ఎంతో చూడాలంటే కెన్యా మారథాన్ రన్నర్ కిప్చోగె ఉన్నాడు. 2019 అక్టోబర్ 12న వియన్నాలో మారథాన్ దూరం 1:59:40లో పరిగెత్తాడు, 41 మంది వంతులవారీగా అతని చుట్టూ గాలి కాచారు. అందుకే, ఇంకొన్ని కారణాల వల్ల కూడా, దాన్ని ప్రపంచ రికార్డుగా లెక్కించలేదు. అక్కడ 41 మందికీ తెలుసు, తాము ఎవరి కోసం పరిగెడుతున్నామో. మీ అయిదుగురిలో ఎవడు ఎవడి కోసం తొక్కుతున్నాడు? ఎవరూ జీతం తీసుకుని రాలేదు, అందరూ ఆదివారం పెళ్ళాం పిల్లల్ని వదిలి వచ్చినవాళ్ళే. ఒకడి రైడ్ కోసం నలుగురు తమ రైడ్ వదులుకోవాలనడం నాకు అన్యాయంగానే అనిపిస్తుంది.

మురమళ్ళ పంక్చర్

ఆ వెనకబడ్డవాణ్ణి నేనేనండి. పేరు ఇవాళే పెట్టుకున్నా.

రెండు రోజులుగా చదువుతున్నా. మేష్టారూ, మీ అభిమానానికి థాంక్స్, కానీ నా కోసం ఆగమని నేను ఎవర్నీ అడగలేదు. అంబాజీపేట దాటగానే నేనే చెప్పా, "మీరు పొండి, నేను మెల్లగా వచ్చేస్తా" అని. గాలికి వెనకబడ్డా, అది నా లెక్క. నా టైమ్ సరిపోయేదే, గడువుకి ఇంకా ఏడు గంటలకి పైనే ఉంది.

జరిగింది వేరు. బరువు తగ్గుతుందని సామాను పంచుకున్నాం. ట్యూబులు ఇద్దరి దగ్గర, పంపు ఒకరి దగ్గర, చైన్ టూల్ ఇంకొకరి దగ్గర. నా దగ్గర టైరు లీవర్లూ ఒక ట్యూబూ ఉన్నాయి. మురమళ్ళలో వెనక టైరు పోయింది. ట్యూబ్ మార్చేశాను, గాలి ఎలా కొట్టాలి? పంపు అప్పటికి యానాం దాటిపోయింది. రోడ్డు పక్కన పంక్చర్ షాపు కుర్రాడు పాపం కంప్రెసర్ తెచ్చాడు, మనది సన్న నోరు ప్రెస్టా వాల్వ్, వాడి గొట్టం బైకులకి పట్టేది. ఇత్తడి అడాప్టర్ ఒకటుంటే సరిపోయేది, గోలీ అంత కూడా ఉండదు. వాడు గుడ్డ చుట్టి, వేలు అడ్డం పెట్టి నానా తంటాలు పడ్డాడు. గాలి నిలవలేదు. పైగా ఆ ప్రయత్నంలో వాల్వ్ పిన్ను వంగింది. ఊళ్ళో సైకిల్ ఉన్న పిల్లలందరి దగ్గరా పంపులు అడిగించాడు, ఏదీ పట్టలేదు. చీకటి పడ్డాక అమలాపురం నుంచి మా బావమరిది కారేసుకుని వచ్చాడు.

కాబట్టి ఆగాలా వద్దా అన్నది నా ప్రశ్న కాదు. పంపు ఎందుకు పోయింది?

ఒంటెద్దు

పంపు లేకుండా 300కి వచ్చారా మీరు??

మురమళ్ళ పంక్చర్

టీమ్‌తో వచ్చాననుకున్నానండి. ఒక్కణ్ణే అనుకుంటే తెచ్చుకునేవాణ్ణే.

పంపు నా దగ్గరే

సరే, అందరూ నా కోసమే చూస్తున్నట్టున్నారు. అన్నయ్యా, మీరంటే నాకు గౌరవం, కానీ "మీరు పొండి" అన్నది మీరు. ఎదుటివాడు పొమ్మంటే పోతాం, అందులో లోపల ఇంకేం ఉందో వెతకడానికి నాకప్పుడు ఓపిక లేదు, నా గుండె 160లో కొట్టుకుంటోంది. నలుగురిలో ఎవరికీ సామాను సంగతి గుర్తు రాలేదు, మీకూ రాలేదు. యానాం కంట్రోల్‌లో మీ కోసం ఫోన్ చేశా, ఎత్తలేదు.

మురమళ్ళ పంక్చర్

చేతులకి గ్రీజు తమ్ముడూ. మళ్ళీ చేశా, నువ్వు ఎత్తలేదు.

కోటిపల్లి రేవు

"మీరు పొండి, నేను వచ్చేస్తా" అన్న మాట గోదావరి జిల్లాల్లో ఎవరన్నా నమ్ముతారా అసలు. అన్నం పెట్టబోతే "ఇప్పుడే తినొచ్చామండి" అంటాం, ఖాళీ కడుపుతో. అది మొహమాటం. అలిసినవాడు ఇంకా ఎక్కువ మొహమాటపడతాడు. ఆ మాట మీద ఆధారపడి నిర్ణయం తీసుకోకూడదు, బయల్దేరకముందే మాట్లాడేసుకోవాలి.

డ్యూటీ డాక్టర్

ఒక్క విషయం చెప్పి వెళ్ళిపోతా, నైట్ డ్యూటీ ఉంది. కాళ్ళు పట్టేసినవాణ్ణి, నెమ్మదించినవాణ్ణి వదలాలా వద్దా అన్నది మీ ఇష్టం. మాట తడబడుతున్నా, అడిగినదానికి సంబంధం లేకుండా జవాబు చెప్తున్నా, సైకిల్ తూలుతున్నా మాత్రం అది చర్చించే విషయం కాదు, దిగిపోండి. మన దగ్గర ఉక్క ఎక్కువ. చెమట పడుతుంది కానీ ఆరదు, ఆరకపోతే ఒళ్ళు చల్లబడదు. అలాంటివాణ్ణి నీడలోకి చేర్చి, ఒంటి మీద నీళ్ళు పోస్తూనే అంబులెన్స్‌కి ఫోన్ చేయండి, ముందు చల్లబరచడమే వైద్యం. ఇంకోటి, గంటల తరబడి ఒట్టి మంచినీళ్ళే లీటర్లకి లీటర్లు తాగినవాడికి రక్తంలో సోడియం పడిపోయి కూడా ఇవే లక్షణాలు రావచ్చు. కాబట్టి "ఇంకా నీళ్ళు తాగు" అని బలవంతంగా తాగించకండి. తనకేమైందో ఆ మనిషికి తెలీదు, పక్కనున్నవాడికే తెలుస్తుంది.

ఫిజిక్స్ మేష్టారు

కలిసి తొక్కాలనే కోరిక నిజంగా ఉంటే దానికోసమే పెట్టిన రైడ్ ఉంది కదా, ఫ్లెష్ అంటారు. ముగ్గురి నుంచి అయిదుగురు ఒక జట్టు, 24 గంటల్లో కనీసం 360 కిలోమీటర్లు. ఒకేచోట రెండు గంటలకి మించి ఆగకూడదు. కనీసం మూడు సైకిళ్ళు కలిసి చేరితేనే జట్టుకి గుర్తింపు. గమనించండి, వందల కిలోమీటర్లు కలిసి తొక్కమన్న ఆ రూలు కూడా అయిదుగురూ చేరాలనలేదు. ఇద్దరు ఆగిపోవచ్చని ముందే ఊహించి రాశారు. ట్రై కాకినాడ గారికీ ఒంటెద్దు గారికీ అందులో కొంత జవాబుంది, నాకూ ఉంది.

లంక కుర్రోడు

సరే, మా నలుగురితోనూ ఫోన్లో మాట్లాడా. డిసెంబర్లో ఫ్లెష్ లాగా సొంతంగా ఒకటి తొక్కుదాం, అంతర్వేది నుంచి మొదలుపెట్టి. దానికి ముందు ఈ ఆదివారం ప్రాక్టీసు, అయిదింటికి రావులపాలెం వంతెన దగ్గర. సామాను ఎవరిది వాళ్ళే మోయాలి. ఎవరి వేగం వాళ్ళది, కానీ ప్రతి కంట్రోల్ దగ్గరా ఆఖరివాడు వచ్చేదాకా ఉండాలి, ఇరవై నిమిషాలు దాటితే ఇద్దరు వెనక్కి వెళ్ళాలి. మధ్యలో పొట్టిక్కలకి (పనసాకు బుట్టల్లో ఉడికించే ఇడ్లీలు) అంబాజీపేటలో ఆగుతాం, అది మాత్రం ఎవరూ కాదనకండి.

ఒంటెద్దు

ఇరవై నిమిషాలా! నేను మాత్రం ఆగను, ముందే చెప్తున్నా. మురమళ్ళ గారూ, నా దగ్గర పంపు రెండోది ఒకటి పడి ఉంది, ప్రెస్టా అడాప్టర్ కూడా ఉంది. ఆదివారం తెస్తా, తీసుకోండి.