న్యూయెల్, వీస్: గుండ్రంగా తిరిగే రాతిమెట్ల మాటలు

యూరప్ పాత కోటల్లో, చర్చిల్లో గుండ్రంగా తిరుగుతూ పైకెళ్ళే మెట్లకి తెలుగులో ఏమనాలి అని ఒకరు అడిగారు, దానికి "స్క్రూ మెట్లు" అని చాలామంది రాశారు, నాకైతే అది నచ్చలేదండి. ఫ్రెంచ్ మేస్త్రీలు వీటిని "వీస్" అనేవాళ్ళు, ఇప్పుడు ఆ మాటకి స్క్రూ అనే అర్థం నిజమే గానీ దాని మూలం లాటిన్‌లో "వీటిస్", అంటే ద్రాక్షతీగ. తీగ నులుచుకుంటూ పాకినట్టు మెట్లు పాకుతాయన్నమాట. మనకి నులితీగ, నులక అన్న మాటలు ఉండనే ఉన్నాయి, "నులిమెట్లు" అంటే ఎంత హాయిగా ఉంది!

ఇక మధ్యలో ఉండేది ఇంగ్లీషులో న్యూయెల్, ఫ్రెంచ్‌లో "న్వాయో", అంటే టెంక. దాన్ని "నడిమి స్తంభం" అనేస్తే పని ఎలా చేశారో తెలీకుండా పోతుంది, ఎందుకంటే చాలా కట్టడాల్లో అక్కడ విడిగా స్తంభమే లేదు. ఒక్కో మెట్టూ ఒకే రాయి, వెడల్పు కొస గోడలోకి దూరుతుంది, సన్నకొసన గుండ్రటి బిళ్ళలా చెక్కుతారు, ఆ బిళ్ళలు ఒకదానిమీద ఒకటి కూర్చుంటూ పోతే అదే టెంక అయిపోతుంది. మెట్లన్నీ ఒకే కొలత కాబట్టి ఒక్క అచ్చు పెట్టుకుని కింద కూర్చునే అన్నీ చెక్కేసుకోవచ్చు, అసలు తెలివంతా ఇక్కడే ఉంది.

అంతకుముందు మెట్ల కింద మెలితిరిగే కమాను కట్టేవాళ్ళు. దక్షిణ ఫ్రాన్స్‌లో సెయింట్ జీల్ చర్చిలో 12వ శతాబ్దపుది ఉంది, చర్చి చాలావరకు పాడైపోయినా ఆ మెట్లు మిగిలాయి. కమానులో ప్రతి రాయీ అటూ ఇటూ వంపు తిరగాలి, అంత కష్టం కాబట్టే ఆ తరహా కమానుకే "వీస్ ద సెయింట్ జీల్" అని పేరు నిలిచిపోయింది, తర్వాతి కాలం మేస్త్రీలు వచ్చి చూసి రాళ్ళమీద పేర్లు చెక్కుకుని వెళ్ళారు.

— టెంక లేకుండా నడుమ ఖాళీగా ఉండేవి కూడా చూశానండి, వాటినేమంటారు?

— స్పెయిన్‌లో ఈ మెట్లని "కారకోల్", అంటే నత్త, అంటారండి. నడుమ ఖాళీ వదిలితే "మయోర్కా నత్త", ఆ దీవిలోని పాల్మాలో వర్తకుల భవనం లోన్జా ఉంది, 15వ శతాబ్దంలో గిల్యెమ్ సగ్రేరా కట్టింది, పేరు దాని మెట్లనుంచే వచ్చిందంటారు. నడిమి ఖాళీని వాళ్ళు కన్ను అంటారు, తెలుగులోనూ కన్ను అనేద్దాం.