చుక్కల దుప్పులకు ఏ చోటు నిజంగా మంచిదో ఎలా తేల్చాలి? (నల్లమల)

అందరికీ నమస్కారం. ఫారెస్ట్రీ పీజీ ప్రాజెక్టు కోసం అమ్రాబాద్ టైగర్ రిజర్వ్ అంచున పనిచేస్తున్నాను. గడ్డి ఎక్కడ పెంచాలి, లాంటానా (గడ్డిని పెరగనివ్వని కలుపు పొద) ముందు ఎక్కడ పీకాలి అన్నది సూచించాలి.

1.78 మీటర్ల తాడు తిప్పి, అంటే సుమారు 10 చదరపు మీటర్ల వృత్తం గీసి, దుప్పులు ఆ చోటును ఎంత వాడుతున్నాయో తెలియడానికి అందులో వాటి పెంటికల కుప్పలు లెక్కపెడుతున్నాను. చిక్కల్లా ఎండాకాలంతోనే. సాసర్ పిట్ల (జంతువులు తాగడానికి కట్టిన లోతు తక్కువ నీటి తొట్ల) చుట్టూ కుప్పలే కుప్పలు, కానీ అక్కడ నేల గట్టిపడి గడ్డిపోచ కూడా లేదు. దుప్పులు నీళ్ల కోసం వస్తున్నాయి, మేత కోసం కాదు. అలాంటి చోటుకు ఎక్కువ మార్కులు వేస్తే ప్లాన్ మొత్తం తప్పుదారి పడుతుందని నా టెన్షన్. పైగా వానలు మొదలైతే పెంటికలు పేడపురుగుల పాలై, కరిగిపోతాయి. రెండు సీజన్ల లెక్కలు పోల్చడమెలా?

ఇంకోటి, మేతను గడ్డితోనే కొలవాలా? ఇప్పపువ్వు రాలే రోజుల్లో దుప్పులు ఆ చెట్ల కిందే ఉంటాయి. కొండముచ్చులు తుంచి పడేసిన లేతాకులనూ ఏరుకుంటాయి. కణితులైతే (సాంబార్ జింకలు) ఆకులూ కొమ్మలూ ఎక్కువ తింటాయి కాబట్టి రెండింటికీ ఒకే స్కోరు సరికాదనే నా అభిప్రాయం.

కవ్వాల్‌లోనో, శ్రీశైలం వైపో ఇలాంటి సర్వే చేసినవాళ్లుంటే చెప్పండి: నీటి దూరాన్ని లెక్కలోకి విడిగా ఎలా తీసుకున్నారు? ముదిరిన గడ్డినీ లేత గడ్డినీ వేరుగా రాశారా? మీ ఫీల్డ్ ఫారం నమూనా పంపగలిగితే చాలా మేలు చేసినవారవుతారు.