సంక్రాంతి ఆఫర్ పాంప్లెట్లు పోస్టులో బల్క్‌గా పంపాలి, ఎలా రెడీ చేసుకోవాలి? (శ్రీకాకుళం)

నాగావళి గట్టు
అందరికీ నమస్కారమండి. శ్రీకాకుళంలో మాది చిన్న బట్టల షాపు, ఎక్కువగా పొందూరు ఖాదీ పంచెలు, చీరలు. నాన్నగారి టైం నుంచి కొన్నవాళ్ల అడ్రస్‌లు బిల్లు పుస్తకాల్లోంచి తీసి ఎక్సెల్‌లో ఎక్కించాం, దగ్గరదగ్గర 1,200 వచ్చాయి. వీళ్లలో చాలామంది పెద్దవాళ్లండి, వాట్సాప్‌లో పెడితే చూడరు గానీ పేరు రాసిన కవరు ఇంటికొస్తే కళ్లజోడు పెట్టుకుని మొత్తం చదువుతారు, అందుకే పోస్టులోనే పంపాలని గట్టిగా అనుకున్నాం. లోపల ఒక కలర్ పాంప్లెట్, దానికి చిన్న ఖాదీ ముక్క అతికించి పంపుదామని, ఎందుకంటే కొండపత్తి నూలు నేత ఎలా ఉంటుందో చేత్తో పట్టుకుంటేనే తెలుస్తుంది, ఫోటోలో తెలీదు. ఇది కాక టౌన్లో కొత్తగా ఇళ్లు లేచిన ఏరియాల్లో ఇంటింటికీ కూడా వేయించాలని ఉంది, వాళ్ల అడ్రస్‌లు మా దగ్గర లేవు. పేపర్లో పెట్టిస్తే పేపర్ వేయించుకోని ఇళ్లకి అందదు కదా. మరి ఈ రెండూ పోస్టాఫీసులో ఎలా ఇవ్వాలి, ఖర్చు ఎలా తగ్గించుకోవాలి, ముందే ఏటేటి చేసుకుని వెళ్లాలి, తెలిసినవాళ్లు కాస్త చెప్పండి.

కోట జంక్షన్
బ్రదర్, కవరు అంటించకుండా పైన బుక్ పోస్ట్ అని రాసి పడేయండి, చీప్‌లో అయిపోద్ది. మా ఊళ్లో పెళ్లి శుభలేఖలన్నీ అలాగే పంపేవారు.

పాత సార్టరు
కోట జంక్షన్ గారూ, అది పాత రోజుల మాటండి, ఇప్పుడు అలా రాసి ఇస్తే కౌంటర్లోనే ఆపేస్తారు. 2025 మే 1 నుంచి పుస్తకాలకి జ్ఞాన్ పోస్ట్ అని పెట్టారు, అది చదువుకునే పుస్తకాలు, అలాంటి ప్రింటెడ్ మెటీరియల్ కోసం, వ్యాపార ప్రకటనలు అందులో ఒప్పుకోరు.

నాగావళి బాబూ, నేను ఆర్‌ఎంఎస్‌లో (రైల్వే మెయిల్ సర్వీస్, పోస్టల్ వాళ్లదే) టపా సార్టింగ్ చేసి రిటైర్ అయినవాణ్ణి, నాకు తెలిసింది చెప్తాను. మీకున్నవి రెండు వేరువేరు పనులు, కలపకండి. పేరూ అడ్రస్ ఉన్న 1,200 మామూలు లెటర్లుగా వెళ్తాయి, 20 గ్రాముల వరకు 5 రూపాయలు, ఒక్క గ్రాము దాటినా 10 అవుద్ది. అంటే 6 వేలలో అయ్యేది 12 వేలు. కాబట్టి ప్రింటింగ్ ఆర్డర్ ఇచ్చే ముందే బరువు చూసుకోవాలి. ఎ4 సైజు 130 జీఎస్ఎం (అంటే చదరపు మీటరుకి 130 గ్రాములు) ఆర్ట్ పేపర్ ఒకటి 8 గ్రాములుంటుంది, కవరు ఒక 5 వేసుకోండి, హాయిగా సరిపోద్ది, అదే రెండు షీట్లు పెట్టారంటే 21. శాంపిల్ ఒకటి పూర్తిగా తయారుచేసి, గుడ్డ ముక్క, గమ్ము, స్టాంపుతో సహా, తెలిసిన బంగారం షాపులో కాటా మీద పెట్టి చూడండి.

తర్వాత అసలు పని పిన్‌కోడ్ దగ్గరుంది. ఎక్సెల్‌లో జిల్లా కాలమ్ పెట్టి దాని ప్రకారం విడదీస్తారు అందరూ, మన వైపు అది అస్సలు కుదరదు. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు మార్చినప్పుడు రాజాం విజయనగరంలోకి వెళ్లింది, పాలకొండ పార్వతీపురం మన్యంలోకి వెళ్లింది, పిన్‌లు మాత్రం రాజాం 532127, పాలకొండ 532440, అవేం మారలేదు. మీ పాత బిల్లుల్లో శ్రీకాకుళం జిల్లా అనే ఉంటుంది, కొత్తగా ఎక్కించినవాళ్లు విజయనగరం అని పెట్టుంటారు. సార్టింగ్‌లో చూసేది పిన్‌నే కాబట్టి ఆ కాలమ్ మీదే సార్ట్ కొట్టి ఆ వరసలోనే లేబుళ్లు ప్రింట్ తీయండి. 532తో మొదలయ్యే పిన్‌లు ఒక పక్క, 535వి ఒక పక్క, విశాఖ వైపు 530, 531 ఒక పక్క, మిగతావి విడిగా. ఒకే పిన్‌వి ఎక్కువుంటే దానికే కట్ట కట్టేయండి. అన్ని కవర్లూ ఒకే వైపు తిప్పి, స్టాంపులన్నీ కుడి చేతి వైపు పైన వచ్చేలా పెట్టి, యాభై యాభై చొప్పున పురికొసతో కట్టి, పైన చీటీ మీద పిన్నూ లెక్కా రాయండి. ఇలా కట్టలు కట్టి ఇస్తే లోపల మనుషులకి ఎంత పని తగ్గుద్దో చేసినవాడిగా నాకు తెలుసు, విడివిడిగా గోనెసంచిలో పోసి తెచ్చినవాళ్ల టపా అన్నిటికన్నా వెనకబడుద్ది, అది ఎవరి మీదా కోపంతో కాదు, చేతులు తక్కువ.

పల్లెటూరి అడ్రస్‌లకి ఊరి పేరుతో పాటు అది ఏ పోస్టు కిందకొస్తుందో రాయండి, చాలా ఊళ్లలో పోస్టాఫీసు ఉండదు, పక్క ఊళ్లో ఉంటుంది. కవరు మీద ఎడమ వైపు కింద మీ షాపు అడ్రస్ తప్పకుండా ఉండాలి. ఇల్లు మారినవాళ్లవి, లేనివాళ్లవి వెనక్కి వస్తాయి, వాటిని పడేయకుండా చూసి మీ లిస్టులోంచి తీసేయండి, వచ్చే ఏడు ఆ డబ్బు మిగులుద్ది.

సిరిమాను వీధి
ఇంటింటికీ వేసేదానికి డైరెక్ట్ పోస్ట్ అని ఉందండి, మేము విజయనగరంలో పైడితల్లమ్మ పండగ ముందు మా షాపుకి వాడాం. కవరు అక్కర్లేదు అడ్రస్ అక్కర్లేదు, మీరు చెప్పిన ఏరియాలో పోస్ట్‌మేన్ ప్రతి ఇంటికీ ఇచ్చేస్తాడు, ఒక్కో దానికి లెటర్ కంటే బాగా తక్కువ పడుద్ది, జీఎస్టీ వేరే. ఒకసారికి కనీసం వెయ్యి ఉండాలి, డబ్బు ముందే కట్టాలి. ముఖ్యంగా ప్రింట్ కొట్టించకముందే ఒక కాపీ పట్టుకెళ్లి హెడ్ పోస్టాఫీసులో పోస్ట్‌మాస్టర్ గారికి చూపించండి, సైజు, బరువు అన్నీ ఆయనే చెప్తారు. ఏ బీట్‌లో (ఒక పోస్ట్‌మేన్ తిరిగే ఏరియా) ఎన్ని ఇళ్లుంటాయో కూడా అక్కడే అడిగి, ఆ లెక్కకే కట్టలు చేసుకెళ్తే మిగిలిపోవడం ఉండదు. ఆ వీధుల్లో ఎవరింట్లో ఎవరుంటారో పోస్ట్‌మేన్‌కి తెలిసినంత ఎవరికీ తెలీదు, ఆ మనిషితో మర్యాదగా ఒక మాట మాట్లాడితే మీ పాంప్లెట్ గేటు బయట పడి ఉండదు, చేతికి అందుద్ది.

పండగ టైం కదా, భోగికి రెండు వారాల ముందే ఇచ్చేయండి. 1,200 కవర్లు పోస్ట్‌డబ్బాలో కుక్కొద్దు, కౌంటర్లో ఇవ్వండి, అదీ పొద్దున్న పూట. 5 రూపాయల స్టాంపులు అన్ని ఒకేసారి చిన్న ఆఫీసుల్లో దొరకవు, హెడ్ పోస్టాఫీసులో ముందే చెప్పి ఉంచండి, లేదా ఫ్రాంకింగ్ (స్టాంపు బదులు మెషిన్‌తో వేసే ముద్ర) వేయించుకోవచ్చేమో అడగండి, నాలుక మీద తడి చేసుకుంటూ అంటించే బాధ తప్పుద్ది.

నాగావళి గట్టు
చాలా చాలా థాంక్సండి ఇద్దరికీ, ముఖ్యంగా జిల్లా కాలమ్ విషయం, మా తమ్ముడు సరిగ్గా అలాగే చేస్తన్నాడు, ఇప్పుడే ఆపించాను. మాస్టారూ, ఇంకో రెండు డౌట్లు. గుడ్డ ముక్క స్టేప్లర్ పిన్ కొట్టి పెట్టొచ్చా? పర్లాకిమిడి కస్టమర్లు కూడా ఉన్నారు, వాళ్లు తెలుగువాళ్లే, అడ్రస్ తెలుగులో రాస్తే సరిపోద్దా?

పాత సార్టరు
పిన్ వద్దు బాబూ. కట్టలు పట్టుకున్నప్పుడు వేళ్లకి గుచ్చుకుంటాయి, పక్క కవర్లకి పట్టుకుని చింపేస్తాయి కూడా. పల్చగా గమ్ము రాసి పూర్తిగా ఆరాక మడత పెట్టండి, ముక్క ఒక మూల ఉబ్బెత్తుగా లేకుండా మధ్యలో వచ్చేలా. పర్లాకిమిడి 761200, అది ఒడిశా టపా, దారిలో తెలుగు రానివాళ్ల చేతిలో పడుద్ది, కాబట్టి పేరు మీ ఇష్టం, ఊరూ జిల్లా రాష్ట్రం మాత్రం ఇంగ్లీషులో పెద్దక్షరాలతో రాసి ఆ కట్ట విడిగా కట్టండి.