బళ్ళారి ఉత్తర కర్ణాటకా, మన సీమా?

నమస్తే అండి. మాది కడప, ఉండేది బెంగళూరు మారతహళ్ళిలో. మా అమ్మాయికి బళ్ళారి కన్నడం వాళ్ళ సంబంధం వచ్చింది. పెళ్ళిచూపుల రోజు వాళ్ళు దారికని కట్టుకొచ్చిన జొన్నరొట్టె, చెనిక్కాయల పొడి మాకూ పెట్టారు. అచ్చం మా అమ్మ చేతి రుచే! మాట యాస మాత్రం ధార్వాడ వైపుది.

1953 అక్టోబరు 1న మైసూరులో కలిసేదాకా బళ్ళారి మద్రాసు రాష్ట్రంలోదే. అదే జిల్లాలోని ఆదోని, ఆలూరు, రాయదుర్గం ఆంధ్రకు వచ్చాయి. తెలుగు నాటకానికి బళ్ళారి రాఘవను ఇచ్చిన ఊరు కూడా.

అక్కడ కాపురం ఉన్నవాళ్ళు దయచేసి చెప్పండి. బజారులో, ఇరుగుపొరుగుతో తెలుగు నడుస్తుందా? పండగలు, పద్ధతులు సీమ వైపా, హుబ్బళ్ళి వైపా? బెంగళూరు కన్నడం మాత్రమే వచ్చిన పిల్ల ఇమడగలదా? ఆదివారంలోగా మాట చెప్పాలి, చాలా టెన్షన్‌గా ఉంది.