మిద్దె మనది, అద్దె ఎవరిది?

ప్రశ్న (ప్రొద్దుటూరు నుంచి):

అందరికీ నమస్తే. మా అవ్వ ట్రంకుపెట్టె అడుగున పరిచిన పాత పేపరు ముక్క ఒకటి దొరికింది. పత్రిక పేరుండే పైభాగం చిరిగిపోయింది. మిగిలిందంతా చిన్న ప్రకటనలే. అందులో ఒకటి ఉన్నదున్నట్టు ఎత్తి రాస్తాండా:

"మిద్దె అద్దెకు ఇయ్యబడును. తూర్పు వాకిలి. బోరు, కరెంటు కలదు. చిన్న కుటుంబము వారు సాయంత్రము 5 గంటల తర్వాత సంప్రదించగలరు."

నాకు రెండు అనుమానాలు. 'ఇయ్యబడును' అనేది అచ్చుతప్పా? 'ఇవ్వబడును' గదా ఉండాల్సింది. రెండోదే అసలు ప్రశ్న. మేడ అనకుండా 'మిద్దె' అన్న మనిషి, ఇవ్వ అనకుండా 'ఇయ్య' అన్న మనిషి, బాడుగను మాత్రం వదిలేసి 'అద్దె' అని ఎందుకు రాసినట్టు? మా ఇండ్లల్లో అద్దె అనే మాటే వినపడదు. ఒకటో తేదీ వచ్చిందంటే మా అమ్మ "బాడుగ ఇచ్చిరాపో" అంటాది. బాడుగిల్లు, బాడుగ ఆటో, దుక్కికి బాడుగ ట్రాక్టరు. పేపర్లోకి ఎక్కేటప్పటికి ఆ బాడుగ ఏడికి పాయె?

అనంతపురం నుంచి:

అక్కా, అదొక్కటే కాదు. నోటితో "పనోడు కావల్ల" అంటాం, కాగితం మీద "కావలెను" అని రాస్తాం. కోస్తావాళ్ళ కావాలి, తెలంగాణవాళ్ళ కావాలె కూడా అచ్చులోకి పోతానే కావలెను అయిపోతాయి. ఆ ఒక్క చోట మూడు సీమలూ సమానమే. బాడుగ సంగతికొస్తే, అది కన్నడం మాట అని మా తాత అనేవాడు. బళ్ళారిలో బాడిగె అంటారు. 1882లో విడగొట్టేదాకా మా అనంతపురం బళ్ళారి జిల్లాలో భాగమే గదా. చదువుకున్నోళ్ళు బాడుగ తెలుగు కాదనుకొని అద్దె రాసింటారని నా లెక్క.

కడప నుంచి, రిటైరైన తెలుగు పండితుడు:

కన్నడం నుంచి మనకొచ్చింది అనడం సరికాదు నాయనా. సంస్కృతంలో భాటకం అని ఉంది, కూలి, కిరాయి అని అర్థం. అదే హిందీలో భాడా, కన్నడంలో బాడిగె, తమిళంలో వాడకై, మనకు బాడిగ, బాడుగ. అందరం ఒకే చెట్టు కాయలు కోసుకున్నాం. తెలంగాణవాళ్ళ కిరాయి మాత్రం వేరే దారిన వచ్చింది, అరబ్బీ, ఫారసీల మీదుగా ఉర్దూలోకి, అక్కడి నుంచి తెలుగులోకి. కాబట్టి బాడుగను మోటు మాట అని ఎవరన్నా అంటే, దాని తాత సంస్కృతం అని చెప్పు. (సంస్కృతం అయితేనే గౌరవమా అని తిరిగి అడిగితే మాత్రం నా దగ్గర జవాబు లేదు.)

ఇక ఇయ్యబడును. అమ్మాయ్, అది అచ్చుతప్పు కానే కాదు. 'ఇచ్చు' ధాతువుకు గ్రాంథికంలో ఈయబడును, ఇయ్యబడును అనే రూపాలే ఉన్నాయి. 'ఇవ్వ' వ్యావహారికం. దానికి '-బడును' తగిలించి 'ఇవ్వబడును' అంటే కింద ప్యాంటు, పైన కండువా అన్నట్టు. మనం రోజూ అనే ఇయ్యి, ఇయ్యను, ఇయ్యల్ల ఆ పాత రూపం నుంచి వచ్చినవే. దాన్ని దిద్దొద్దు.

కర్నూలు నుంచి:

ఇంకో కోణం. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చి మా ఊరు రాజధాని అయినప్పుడు ఆఫీసులకే చోటు లేక గుడారాలు వేసినారు. మద్రాసు నుంచి, కోస్తా జిల్లాల నుంచి వచ్చిన ఉద్యోగులు ఒక్క గది దొరికితే చాలని వీధులన్నీ తిరిగినారంట. వాళ్ళు "అద్దెకుందా" అని అడుగుతాంటే ఇండ్లవాళ్ళు కూడా అద్దె అని రాయడం నేర్చుకున్నారేమో. 1956 నవంబరులో రాజధాని హైదరాబాదుకు పోయింది, మాట మాత్రం మాకు విడిచిపోయినారు.

కడప నుంచి, ఒకప్పుడు ప్రకటనలు తీసుకున్న మనిషి:

కర్నూలు తమ్ముడు చెప్పింది వినడానికి బాగుంది గానీ, నేను ఒప్పుకోను. మూడేండ్లున్న ఉద్యోగులు కడపలో మిద్దె ప్రకటనకు మాట నేర్పిపోయినారంటే ఎట్ల? దీనికి పెద్ద చరిత్ర అక్కరలేదు. జానెడు దారం ముక్క చాలు. చెప్తా వినండి.

ఇంటర్ తప్పి ఇంట్లో కూర్చుంటే మా నాయన నన్ను ఒక వారపత్రికలో చేర్చినాడు. నాలుగు పేజీలు, జిల్లా దాటి పోదు. ముందు గదిలో నేను, వెనక గదిలో అచ్చు. పెద్ద ప్రకటనలకు కాలం (పేజీలో నిలువు వరుస) పొడవును బట్టి సెంటీమీటరు లెక్క, అవి ఎడిటరు చూసుకునేవాడు. చిన్నవి నావి. ఒక ఫారం ఉండేది, దాంట్లో 20 గళ్ళు, గడికొక మాట. 20 దాటితే పైమాటకింత అని అదనం. జనం ఆ ఫారం పట్టుకొని పడే అవస్థ చూడాల. 'గలదు' కొట్టేస్తారు, మళ్ళా రాస్తారు. 'సొంత' తీసేస్తారు. ఒక అయ్యోరైతే 'బాడుగకియ్యబడును' అని రెండు మాటలను కలిపి ఒకే గడిలో ఇరికించి, సంధి చేసినా, ఇది ఒకే పదం అని నాతో వాదం పెట్టుకున్నాడు. నేను రెండు మాటలకే డబ్బులు వసూలు చేసినా.

వెనక గదిలో కంపోజింగ్ చేసే పెద్దాయన ఒకడు. అందరం మేస్త్రీ అనేవాళ్ళం. ఎడమ చేతిలో అక్షరాలు పేర్చే స్టిక్కు, ముందర అక్షరాల గళ్ళపెట్టె, దాన్నే కేసు అంటారు. సీసం అక్షరాలు ఒక్కొక్కటే ఏరి తిరగేసి పేరుస్తాంటే చూడకుండానే వేళ్ళకు అందేవి. తెలుగులో గుణింతాలకు, వత్తులకు వేరువేరు గళ్ళుంటాయి, ఇంగ్లీషు కేసు మాదిరి చిన్నది కాదు. ప్రతివారం అవే మాటలు పేర్చాలంటే ఆయనకు విసుగు. అందుకని అచ్చయినంక కొన్ని లైన్లను విడగొట్టి కేసులో వెయ్యకుండా, చుట్టూ దారం కట్టి గ్యాలీలో, అంటే పేర్చిన లైన్లు పెట్టే పళ్ళెంలో, ఒక మూలకు పెట్టేవాడు. 'కావలెను' ఒకటి, 'అమ్మబడును' ఒకటి, 'కనబడుట లేదు' ఒకటి, 'సంప్రదించగలరు' ఒకటి. ఇంకొకటి 'అద్దెకు ఇయ్యబడును'. మసి పట్టి నల్లగా, దారం నూనెకు తడిసి ఉండేవి. ప్రకటన వస్తే ఆ లైను తీసి పెట్టడం, ముందూ వెనకా నాలుగు మాటలు పేర్చడం, అంతే.

నేను రాసిచ్చిన కాగితంలో 'బాడుగ' అనే ఉండేది. అచ్చులో అద్దె అయ్యేది. నాకు తెలుసు, నేనేమీ అనలే. రెండూ ఒకటే గదా అనుకునేవాణ్ణి.

ఒక శనివారం ఒక ముసలాయన పేపరు మడిచి చంకలో పెట్టుకొని వచ్చినాడు.

"ఏం నాయనా, బాడుగ అని రాసిస్తే అద్దె అని ఏసినారే?"

"రెండూ ఒకటే గదా పెద్దాయనా."

"ఒకటెట్ల అయితాది? అద్దెకిచ్చేది సైకిలు. గంటకింత అని. నా మిద్దె ఏమన్నా సైకిలా, పొద్దుగూకేటప్పటికి తెచ్చి స్టాండేసి పోను?"

నేను నవ్వినా. వెనక గదిలో మేస్త్రీ నవ్వలే. ముసలాయన పోయినంక మెల్లగా చెప్పినాడు. ఆ లైను మొట్టమొదట పేర్చింది ఒక సైకిల్ షాపు ప్రకటనకంట. "ఇచ్చట సైకిళ్ళు అద్దెకు ఇయ్యబడును." షాపు బోర్డు మీద అద్దె అని ఉంటే ఆ మాట అట్లే పేర్చినాడు. తరువాత సైకిళ్ళు తీసేసి ఆ జాగాలో మిద్దె, రూము, అంగడి, ఏదొస్తే అది పెట్టుకుంటా వచ్చినాడు. ఊర్లోని ఇండ్లన్నీ అన్నేండ్లు ఆ సైకిలు లైను మీదనే నిలబడినాయి!

అమ్మాయ్, నీ పేపరు ముక్కలో మిద్దె మన మాట, ఇయ్య మన మాట, మధ్యలో అద్దె ఒక్కటి ఎందుకొచ్చిందో ఇప్పుడు అర్థమయ్యిందా? మిద్దె ఇంటాయన రాసింది. ఇయ్య మేస్త్రీది, ఆయన కూడా కడపోడే. అద్దె బోర్డుది.

పండితుడు:

బాగా చెప్పినావు అబ్బయ్యా. నీ ముసలాయన మాటకు వ్యాకరణం కూడా తోడొస్తాది చూడు. 'ఇయ్యబడును' తద్ధర్మార్థక క్రియ. ఎప్పుడూ జరిగేది, అలవాటుగా జరిగేది చెప్పడానికి వాడతాం, రాబోయే పనికీ అదే రూపం. "ఇచ్చట పాలు అమ్మబడును" అంటే రోజూ అమ్ముతారని. సైకిలు రోజూ ఇస్తారు, రోజూ తిరిగొస్తాది. మిద్దె ఒకసారి ఇస్తే మళ్ళీ ఖాళీ అయ్యేదాకా ఇచ్చేదేమీ లేదు. ఆ లైనులో ఇల్లు ఇమడదని ఆయన చెవికి తెలిసింది, అద్దె మీదికి నెట్టినాడు.

అయితే ఆ అయ్యోరి విషయంలో నువ్వు బాకీ ఉండావు. బాడుగకు + ఇయ్యబడును. ప్రథమ కాని విభక్తుల్లో ఉండే ఉకారానికి సంధి వైకల్పికం అని 1858లో వచ్చిన బాలవ్యాకరణంలో చిన్నయసూరి చెప్పినాడు. అంటే బాడుగకియ్యబడును అనొచ్చు, సంధి చేయకుండా బాడుగకు నియ్యబడును అని కూడా అనొచ్చు. రెండు మాటలుగా లెక్కపెట్టడం నీ ఇష్టమైతే, కలిపి రాయడం ఆయన ఇష్టం. గడి ఆయనది, కాబట్టి ఆయన ఇష్టమే చెల్లాల.

కడప, పాత ప్రకటనల మనిషి:

బాకీ ఒప్పుకుంటా అయ్యోరా. కానీ సూరి గారి సూత్రం ఫారం వెనక అచ్చేసి ఉంటే మా పేపరు ఆ నెలలోనే మూతపడేది. అందరూ సమాసాలు మొదలుపెట్టేవాళ్ళు.

ప్రొద్దుటూరు:

సార్, ముసలాయన ప్రకటన మళ్ళా వేసినారా?

కడప, పాత ప్రకటనల మనిషి:

వేసినాం పాపా. మరుసటి వారం, డబ్బులు లేకుండా. మేస్త్రీ సణుక్కుంటానే కొత్తగా పేర్చినాడు. మిద్దె బాడుగకు ఇయ్యబడును. నేనే ప్రూఫు దిద్దినా. ఆ లైనుకు మాత్రం దారం కట్టలే. అచ్చయినంక అక్షరాలు ఏడివాడ కేసులో వేసేసినాడు. ఆ పై వారం ఇంకో ఇల్లొచ్చింది, మళ్ళా అద్దెనే. కంప్యూటర్ వచ్చినంక బాగుపడతాదనుకున్నా. ఆపరేటరు పోయిన వారం ఫైలు తెరిచి ఊరు, గదులు మార్చి సేవ్ చేస్తాడు. దారం లేదు, అంతే తేడా.

ఆదోని నుంచి:

అన్నా, 'సంప్రదించగలరు' గురించి ఎవరూ అనలే. గలరు అంటే చేయగలుగుతారు అని గదా. 'మీరు సంప్రదించగలరు' అంటే నా చేతనయితాదని నాకే సర్టిఫికెట్ ఇచ్చినట్టు. పేపర్లో మాత్రం 'దయచేసి రండి' అనే అర్థానికి వాడతారు. ఉత్త 'రండి' అంటే మొరటు, గలరు అంటే మర్యాద. మా నాయన పెండ్లిపత్రికలో కూడా 'విచ్చేయగలరు' అని రాయించినాడు.

అనంతపురం:

సరే, కన్నడం మాట వెనక్కి తీసుకుంటాండా. మా తాతకు నేను చెప్పుకుంటాలే.

కొత్త సభ్యుడు:

చర్చ చాలా బాగుంది సార్. ఒక చిన్న మాట. వచ్చే నెల ట్రాన్స్‌ఫర్ మీద కడపకు వస్తాండాం. ఎర్రముక్కపల్లె పక్క, బ్రౌన్ గ్రంథాలయానికి దగ్గర్లో రెండు రూముల మిద్దె ఏదన్నా ఉంటే చెప్పగలరు. తూర్పు వాకిలి అయితే మంచిది, లేకపోయినా ఫరవాలేదు. నలుగురం ఉంటాం. అడ్మిన్ గారు దీన్ని ప్రకటన కింద తీసెయ్యొద్దని మనవి.

కడప, పాత ప్రకటనల మనిషి:

20 గళ్ళు దాటినాయి నాయనా. అయినా మా వీధిలో ఒకటి ఖాళీగా ఉంది. ఫోన్ చెయ్యి. గేటుకు 'టూలెట్' అని బోర్డు కట్టినారు, కానీ ఇంటాయమ్మను అడిగేటప్పుడు బాడుగ ఎంత అని అడుగు.