కాలిన జీడితోటకు పరిహారం: పోయినంత ఇస్తే చాలునా, చేసిన తప్పుకు అదనంగా కూడా కట్టాలా?

గారబంధ రైతుబిడ్డ:
పర్లాకిమిడికి దగ్గర ఊళ్ళో మా పెదనాన్నగారికి మూడెకరాల జీడితోట ఉంది. మొన్నటి కాపు రోజుల్లో, పక్క మెట్టను కొత్తగా కొన్న గుత్తేదారు పొదలు కొట్టించి, గాలి బాగా వీస్తున్న మధ్యాహ్నం వేళ వాటికి నిప్పు పెట్టించాడు. మంట ఎండుటాకు మీదుగా మా తోటలోకి పాకింది. సగానికి పైగా చెట్లు మాడిపోయాయి, ఏరి ఆరబెట్టిన పిక్కలు కూడా కాలిపోయాయి. గాలి తగ్గేదాకా ఆగమని మా కాపలామనిషి ముందే చెప్పాడు. దానికి అతను, పనివాళ్ళందరూ వింటుండగా, “కాలితే డబ్బు పారేస్తాను” అన్నాడు. ఇప్పుడు ఈ ఏడాది పిక్కల ధర మాత్రం ఇస్తానంటున్నాడు. అది పుచ్చుకుని ఊరుకోవడం మేలా, లేక దావా వేస్తే ఆ పొగరుమోతు మాటకు కూడా కోర్టు వెల కడుతుందా అన్నది నా ప్రశ్న. అతని ఇల్లూ ఆస్తులూ పాతపట్నంలో, అంటే ఆంధ్రలో ఉన్నాయని కూడా గమనించగలరు.

మహేంద్రతనయ (న్యాయవాది, పర్లాకిమిడి):
ఒక్క ఏడాది పిక్కల ధర తీసుకోవద్దు, కానీ శిక్షగా సొమ్ము రాబట్టాలన్న ఆశతో దావా నడపవద్దు. పౌర తప్పిదాలకు, అంటే నేరశిక్ష కాక పరిహారం కోరే తప్పులకు, మన దేశంలో ఒకే చట్టమంటూ లేదు. ఎక్కువ భాగం తీర్పుల మీదనే నడుస్తోంది. తప్పు జరగకపోయి ఉంటే బాధితుడు ఏ స్థితిలో ఉండేవాడో, డబ్బు చేయగలిగినంత మేరకు అతన్ని ఆ స్థితిలో నిలబెట్టడమే పరిహారానికి మూలసూత్రం. కాలిన పిక్కలు, ఆర్పడానికి పెట్టిన కూలి ఖర్చు లెక్క తేలేవి కనుక వాటిని దావాలో పద్దు పద్దుగా చూపి రుజువు చేయాలి. దీన్ని ప్రత్యేక నష్టం అంటాము. మనోవ్యథ వంటివి సాధారణ నష్టం కిందికి వస్తాయి, వాటికి మొత్తాన్ని న్యాయమూర్తి అంచనా కడతారు. హక్కుకు భంగం కలిగినా నష్టం లేనిచోట నామమాత్రపు పరిహారం ఉంటుంది. 1703లో ఇంగ్లండులో ఒక ఓటరును ఓటు వేయనివ్వని కేసులో, అతను బలపరచిన అభ్యర్థులే గెలిచినా, హక్కు పోయినందుకు పరిహారం దక్కింది. మీ సంగతి అది కాదు. మీ నష్టం కంటికి కనబడేదే.

అసలు డబ్బు చెట్ల దగ్గర ఉంది, అందరూ దానినే వదిలేస్తారు. అంటు మొక్క నాటితే కాపు మూడో ఏటికి గానీ మొదలుకాదు, నిండు కాపుకు ఇంకా చాలా ఏళ్ళు పడుతుంది. కనుక పాత కాపు స్థాయికి తోట తిరిగి చేరేవరకు ఏటేటా పోయే ఆదాయాన్ని లెక్కకట్టి, అందులో సాగు ఖర్చు తీసివేసి అడగాలి. లేదా తోట కాలకముందు భూమి విలువకూ, కాలిన తరువాత విలువకూ ఉన్న తేడాను అడగాలి. రెండూ కలిపి అడిగితే ఒకే నష్టాన్ని రెండుసార్లు వసూలు చేయబోయినట్టవుతుంది, ఎదుటి వకీలు మొదట పట్టుకునేది దానినే.

రాయగడ మాస్టారు:
ప్లీడరుగారు చెప్పిన లెక్క సరిగానే ఉంది, కానీ ఆ లెక్కను గుత్తేదారు మనకన్నా ముందే వేసుకున్నాడు. యంత్రం పెట్టి పొదలు తీయిస్తే ఎంతవుతుందో, నిప్పు పెట్టిస్తే ఎంత మిగులుతుందో, పక్క తోట కాలితే ఎంత కట్టాలో చూసుకునే అతను ఆ మాట అన్నాడు. పోయినంతకే పరిహారం అంటే డబ్బున్నవాడికి ఇతరుల తోట తగలబెట్టే హక్కును అమ్మినట్టే. 1964 నాటి రూక్స్ కేసులో అప్పట్లో ఇంగ్లండు అత్యున్నత న్యాయస్థానంగా ఉన్న ప్రభువుల సభ శిక్షాత్మక పరిహారాన్ని, అంటే నష్టానికి మించి శిక్షగా కట్టించే సొమ్మును, బాగా కుదించింది, నిజమే. అయినా చట్టం అనుమతించిన సందర్భాలతో పాటు రెండు చోట్ల దానిని నిలిపింది: ప్రభుత్వ సేవకుల నిరంకుశ చర్యలు ఒకటి, కట్టవలసిన పరిహారం కన్నా లాభం ఎక్కువని లెక్కవేసుకుని చేసిన తప్పు రెండవది. మన గుత్తేదారు ఆ రెండవ కోవలోకి రాడా? ఢిల్లీలో 1985 డిసెంబరులో ఓలియం వాయువు వెలువడిన కేసులో, సంస్థ ఎంత పెద్దదైతే పరిహారం అంత ఎక్కువ ఉండాలని మన సుప్రీంకోర్టే చెప్పింది కదా. ఒడిశా నుంచే వెళ్ళిన నీలాబతి బెహెరా కేసులో, పోలీసు నిర్బంధంలో చనిపోయిన యువకుడి తల్లికి 1993లో 1,50,000 రూపాయలు నేరుగా ఇప్పించింది కూడా.

బరంపురం పాతకాపు:
ఇద్దరూ గుత్తేదారు బాధ్యుడనే చోటు నుంచి మొదలుపెట్టారు, అది అంత తేలిక కాదేమో. మెట్ట మీద పొదలు కొట్టి తగలబెట్టడం మన కొండవారల్లో తాతల నాటి అలవాటు. కార్వేటినగరం జమీందారు చెరువులు తెగి రైలు కంపెనీకి నష్టం కలిగినప్పుడు, 1874లో ప్రివీ కౌన్సిలు (అప్పట్లో మన కేసులకు లండనులోని ఆఖరి అప్పీలు కోర్టు) జమీందారు నిర్లక్ష్యం రుజువు కాలేదని దావా కొట్టివేసింది. ప్రమాదకరమైన దానిని పోగుచేసుకున్నవాడు అది తప్పించుకుపోతే నిర్లక్ష్యం లేకున్నా బాధ్యుడేనన్న 1868 నాటి ఇంగ్లీషు సూత్రాన్ని అక్కడ వర్తింపజేయలేదు. 1936 ఏప్రిల్ 1 దాకా మనమూ మద్రాసు రాజధానిలో (ప్రెసిడెన్సీలో) ఉన్నవాళ్ళమే కనుక, ఆ తీర్పు మన పక్క మనుషులకు బాగా ఎరుకైనదే. అలవాటు ప్రకారం నిప్పు పెట్టాను, గాలి నా చేతిలో లేదు అని అతను అంటే ఏమిటి జవాబు?

మహేంద్రతనయ:
పాతకాపుగారి ప్రశ్నకు ముందు జవాబు చెబుతాను, మాస్టారికీ అందులోనే జవాబు ఉంది. జమీందారు తప్పించుకున్నది అలవాటు పేరు మీద కాదు. సాగునీటి కోసం అనాదిగా ఉన్న ఆ చెరువులను నిలబెట్టవలసిన విధి ఆయన మీద ఉంది, పైగా ఆయన నిర్లక్ష్యం చేసినట్టు తేలలేదు. పొదలకు నిప్పు పెట్టవలసిన విధి గుత్తేదారు మీద ఏదీ లేదు. గాలి ఉందని హెచ్చరించినా “కాలితే డబ్బు పారేస్తాను” అన్నవాడు, కాలవచ్చునని తనకు తెలుసునని తానే ఒప్పుకున్నాడు. ఆ మాటను శిక్షకు కారణంగా చూపేకన్నా నిర్లక్ష్యానికి సాక్ష్యంగా చూపడం తెలివైన పని, ఎందుకంటే దాన్ని విన్న పనివాళ్ళ నోట రాబడితే గాలి వాదన అక్కడికక్కడే పడిపోతుంది. నిప్పు పెట్టింది కూలీలే కదా అని అతను తప్పించుకోలేడు. తన ఆజ్ఞ మీద, తన కళ్ళెదుట చేయించిన పనికి యజమానే జవాబుదారీ.

మాస్టారు చెప్పిన తీర్పులు మంచివే, కానీ ఓలియం తీర్పు ప్రమాదకర పరిశ్రమలకు సంబంధించినది, నీలాబతి కేసు రాజ్యాంగం 32వ అధికరణ కింద ప్రభుత్వం మీద వేసినది. మనది ఇద్దరు పౌరుల మధ్య తగాదా. ఇక లాభం లెక్కవేసుకుని చేశాడనడానికి యంత్రం ఖర్చు, కూలి ఖర్చు పక్కపక్కన పెట్టి రుజువు చేయగలమా? ఒక్క పొగరుమాట అంతటి లెక్కకు ఆధారం కాదు. అయితే మాస్టారి బాధ పూర్తిగా వృథా పోదు. తప్పు చేసిన తీరు అవమానకరంగా ఉంటే, బాధితుడి మనోవ్యథ పెరిగినందుకు పరిహారాన్ని పెంచమని అడగవచ్చు. అది శిక్ష కాదు, నష్టంలోని భాగమే. కనుక న్యాయమూర్తికి ఇవ్వడానికి సంకోచం తక్కువ.

రాయగడ మాస్టారు:
సాక్ష్యం సంగతి ఒప్పుకుంటున్నాను ప్లీడరుగారూ. అయినా దావాలో శిక్షాత్మక పరిహారం కింద విడిగా ఒక కోరిక పెట్టడంలో నష్టమేమిటి? అడగనిదే కోర్టు తనంతట తాను ఇవ్వదు కదా. జిల్లా కోర్టుల్లో ఎవరూ అడగకపోతే ఆ సూత్రం పుస్తకాల్లోనే ఉండిపోతుంది.

గుణుపూర్ గుమస్తా (విశ్రాంత కోర్టు ఉద్యోగి):
మాస్టారూ, నష్టం కోర్టు ఫీజులో ఉంది. పరిహారం దావాకు ఫీజు మీరు అడిగిన మొత్తాన్ని బట్టి కట్టాలి, కోర్టు ఇచ్చిన మొత్తాన్ని బట్టి కాదు. పది లక్షలు శిక్షగా అడిగి అది రాకపోతే, దాని మేరకు కట్టిన ఫీజును ఎదుటివాడి మీద వేయకపోవచ్చు. స్తోమత లేనివారు సివిల్ ప్రక్రియా స్మృతి 33వ ఆర్డరు కింద ఫీజు లేకుండా వేయవచ్చు గానీ, మూడెకరాల తోట ఉన్నవారికి అది దొరకడం కష్టం.

రైతుబిడ్డగారు చేయవలసిన పనులు వేరే ఉన్నాయి. తోట ఒడిశాలో ఉంది, చెట్లు భూమిలో పాతుకుని ఉన్నాయి కనుక అవీ స్థిరాస్తే. స్థిరాస్తికి జరిగిన నష్టానికి దావా సివిల్ ప్రక్రియా స్మృతి 16వ సెక్షను ప్రకారం ఆస్తి ఉన్న చోటనే, అంటే పర్లాకిమిడి కోర్టులోనే వేయాలి. ఏరిన పిక్కలు చరాస్తి కనుక 19వ సెక్షను కింద పాతపట్నం వైపూ వేయవచ్చు, కానీ ఒకే మంటకు రెండు కోర్టులు తిరగడం అవివేకం. మోళ్ళు తీసివేసి కొత్త మొక్కలు నాటేలోగా, 26వ ఆర్డరు 9వ నియమం కింద కమిషనరును (కోర్టు తరఫున స్థలం చూసి నివేదిక ఇచ్చే మనిషిని) పంపించమని కోరి, ఏ వరుసలో ఎన్ని చెట్లు మాడాయో రాయించుకోండి. గడచిన ఏళ్ళలో పలాస వ్యాపారులకు అమ్మిన బిల్లులు వెతికి పెట్టండి. అవి లేకుండా ఏటా ఇన్ని బస్తాలు దిగేదని నోటిమాటగా చెబితే మూడోవంతు కూడా నమ్మరు. ఫోనులో తీసిన ఫోటోలకు భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షను కింద ధ్రువపత్రం జతచేయాలి, ఈ మధ్య చాలా దావాల్లో ఇది మరిచిపోతున్నారు.

గారబంధ రైతుబిడ్డ:
బిల్లులు నాలుగేళ్ళవి దొరికాయి. డిక్రీ (డబ్బు కట్టమనే కోర్టు ఉత్తర్వు) వచ్చినా అతని ఆస్తులు ఆంధ్రలో ఉన్నాయి కదా, వసూలు ఎలా?

గుణుపూర్ గుమస్తా:
డిక్రీ ఇచ్చిన కోర్టు దానిని 39వ సెక్షను కింద అతని ఆస్తులున్న చోటి కోర్టుకు బదిలీ చేస్తుంది, అక్కడ అమలు పిటిషను వేసి జప్తు అడగవచ్చు. రాష్ట్రం మారినంత మాత్రాన డిక్రీ చెల్లకుండా పోదు. ఒరియాలో ఉన్న కాగితాలకు అనువాదాలు మాత్రం ముందే సిద్ధం చేసుకోండి.